చిటికెన గోరంత నాణెం కోసం కోరుట్ల దాకా

గురువారం పొద్దున ఆరున్నరకు కరీంనగర్ బస్టాండులో జగిత్యాల బస్సు ఎక్కాను. భుజాన ఒక జత బట్టలున్న సంచీ, చొక్కా జేబులో కాంటాక్ట్ లెన్సుల డబ్బా. బయలుదేరేటప్పుడు నా భార్య సుజాత గుమ్మం దాకా వచ్చి, "బంగారం కొననీకె పోతున్న అంటున్నవు. మంచిదే. కని తెచ్చినంక అది నా కండ్లకు కనవడాలె," అన్నది. ఆమె పెట్టిన షరతుల్లో ఇంత కష్టమైనది ఇంకోటి లేదు. నేను కొనబోతున్న బంగారం పెసరబద్దంత ఉంటుంది.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నాకు కరీంనగర్‌లో చిన్న కళ్ళద్దాల దుకాణం ఉంది. నాణేలు సేకరిస్తాను. అందరిలా రాజుల వారీగానో, దేశాల వారీగానో కాదు. నాకు కావలసినది చిన్నదిగా ఉండటం ఒక్కటే. పాత కాలపు నాణెమైతే నా చిటికెన వేలి గోటి కింద దాగాలి. ఈ కాలపుదైతే బొటనవేలి గోటికి మించకూడదు. ఈ నియమం నేనే పెట్టుకున్నాను, అవసరమైనప్పుడు నేనే సడలించుకుంటాను. మొదట్లో సడలింపు కోసం చిటికెన వేలి గోరు పెంచాను కూడా. ఒకాయనకు అద్దాలు తొడుగుతుంటే ఆ గోరు తగిలి చెంప గీరుకుపోయింది. సుజాత దగ్గర కూర్చోబెట్టుకొని గోరు తీసేసింది. దాంతో నా సేకరణలో రెండు నాణేలు అనర్హమైపోయాయి.

ఇన్నేళ్ళ నా సంపాదన అంతా ఒక లెన్సుల డబ్బాలో పడుతుంది. ఎడమ కన్ను గిన్నెలో పాతవి, కుడి కన్ను గిన్నెలో కొత్తవి. పాతవాటిలో అన్నిటికన్నా చిన్నది తిరువాన్కూరు వెండి చక్రం. రెండు వైపులా చుక్కలూ గీతలూ తప్ప ఏమీ లేని పెసరగింజంత వెండి. పెళ్ళైన కొత్తలో తిరువనంతపురం వెళ్ళినప్పుడు, సుజాతకు చీర కొనాల్సిన డబ్బుతో కొన్నాను. ఆ చీర సంగతి ఆమె ఇప్పటికీ ఎత్తుతుంది. చక్రం మాత్రం అప్పటి నుంచీ నాతోనే ఉంది. దాన్ని మించిన చిన్న నాణెం నాకు మళ్ళీ దొరకలేదు.

మూడు నెలల కింద కంటి ఆపరేషన్ చేయించుకున్న నర్సవ్వ అనే ఆమె అద్దాల కోసం కోరుట్ల నుంచి మా దుకాణానికి వచ్చింది. కల్లు గీసే గౌండ్ల వాళ్ళ ఇంటి పెద్దామె. అక్షరాలు రావన్నది. అక్షరాలు రానివాళ్ళకు నేను చక్రం చూపిస్తాను. చూపు పరీక్ష అని నేనంటాను, గొప్ప చూపించుకోవడం అని సుజాత అంటుంది. నర్సవ్వ అరచేతిలో పెట్టి, "ఏం కనవడ్తుంది పెద్దమ్మా?" అన్నాను. ఆమె తేరిపార చూసి, "గింతేనా? గిసోంటిది బంగారుది మా అత్త పెట్టెల ఉన్నది. దీనికన్న చిన్నది," అన్నది.

విజయనగర రాజుల కాలపు బంగారు రూక అయి ఉంటుందని నా గుండె చెప్పింది. ఆ రోజు ఆమె దగ్గర అద్దాల డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత వారం వారం ఫోన్ చేశాను. చివరికి ఆమె, "గురువారం రా సారూ. ఇంటికాడ పనున్నది, అందరం ఉంటం. బంగారం ధర కట్టి తీస్కపో," అన్నది. ఏం పని అని అడగాలనే ఆలోచన నాకు రాలేదు. నాణేల వాడికి పక్కవాడి పనులు వినబడవు.

బస్సు నిండా ఆడవాళ్ళే. వాళ్ళకు టికెట్టు లేదు. నాకు టికెట్టుంది, సీటు లేదు. గంగాధర దగ్గర ఒకామె దిగితే కూర్చున్నాను. కండక్టర్ వచ్చి, "చిల్లర ఇయ్యిండ్రి సార్, పొద్దుగాలనే అందరు పెద్ద నోట్లే ఇస్తున్నరు," అన్నాడు. జేబు తడిమాను. డబ్బా నిండా నాణేలున్నాయి, చెల్లేది ఒక్కటీ లేదు. ఆ మాట బయటికి అనకుండా ఫోన్‌తో కట్టాను.

కాస్త స్థిమితపడ్డాక అలవాటుగా డబ్బా తీసి మూత విప్పాను. పక్క సీటులో సంచీ ఒళ్ళో పెట్టుకున్న పెద్దామె వంగి చూసింది.

"ఏం గోలీలు సార్ గవి? షుగర్‌వా?"

"గోలీలు కావు, పైసలు."

"గిన్ని చిన్న పైసలా!" అని నా ముఖాన్ని జాలిగా చూసి, "కష్టమే సార్ పాపం," అన్నది. మూత పెట్టేశాను.

ఎనిమిదింటికి జగిత్యాలలో దిగాను. బస్టాండు ఎదుట పూరీ తిని ఛాయ్ తాగాను. పూరీ బాగుంది, కూరలో నీళ్ళెక్కువ. క్లాక్ టవర్ దగ్గర్లో నాకు తెలిసిన వెండి సేటు ఒకాయన ఉన్నాడు. పాత వెండి కరిగించేముందు చిన్నవేమైనా ఉంటే నా కోసం తీసిపెడతాడు. పోయినసారి ఆయన దగ్గర శాతవాహనుల కాలపువని రెండు సీసపు బిళ్ళలు కొన్నాను. ఇంటికి తెచ్చి వారం రోజులు భూతద్దం పెట్టి వాటి మీద శాతవాహనుల ఏనుగు బొమ్మను వెతికాను. చివరికి గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన మా దుకాణం కుర్రాడు అవి చేపల వలకు కట్టే గుండ్లని తేల్చాడు. ఒకటి పారేశాను. రెండోది నమ్మకం చావక డబ్బాలోనే ఉంచుకున్నాను.

ఈసారి సేటు ఒక నిజాం కాలపు రాగి బిళ్ళ ఇచ్చాడు. మిషన్‌లో కొట్టింది కాబట్టి ఈ కాలపు లెక్కే, నడుమ చిల్లు. బొటనవేలి గోటి కన్నా కాస్త పెద్దదే కానీ, చిల్లు భాగం తీసేస్తే నియమానికి లోబడుతుందని నాకు నేను సర్దిచెప్పుకొని కొన్నాను. "కోరుట్లల బంగారు రూక కొంటున్న సేటూ," అన్నాను. ఆయన నా చేతిలో రశీదు పెడుతూ, "చేతిలకు వచ్చినంక చెప్పు సార్," అన్నాడు.

తొమ్మిదింపావుకు మెట్‌పల్లి బస్సు దొరికింది. పది దాటుతుండగా కోరుట్లలో దిగి, ఆటోలో నర్సవ్వ చెప్పిన వాడకు చేరాను. ఇల్లు వెతుక్కోనక్కర లేకపోయింది. వీధిలో టెంటు వేసి ఉంది. కుర్చీలు, పెద్ద పెద్ద వంట గంజులు, మామిడాకులు, మేళం. పాత ఇంటి పక్కన కొత్త ఇల్లు నడుం ఎత్తు దాకా లేచింది. అప్పుడర్థమైంది నాకు, నర్సవ్వ చెప్పిన పని దర్వాజ పెట్టుడని.

మా వైపు ఇల్లు కట్టేవాళ్ళకు అన్నిటికన్నా పెద్ద పండుగ అదే. గృహప్రవేశం కూడా దాని తర్వాతే. చుట్టాలంతా వస్తారు. పసుపు కుంకుమలు పెట్టిన దర్వాజను, అంటే గుమ్మం చట్రాన్ని, ముహూర్తానికి నిలబెడతారు. గడప కింద నవధాన్యాలు, నవరత్నాల పొట్లం వేసి, వాటితో పాటు పైసలు వేస్తారు. ఆ పైసల మీద సిమెంటు పోస్తారు. ఇల్లున్నంత కాలం అవి అక్కడే ఉంటాయి.

నర్సవ్వ నన్ను చూడగానే ఎదురొచ్చింది. ముఖాన చెమట, కళ్ళకు నేనిచ్చిన అద్దాలు. "అచ్చినవా సారూ! మంచి గడియల అచ్చినవ్. ఏమనుకోకు, నీకిస్తనన్న పైస..." అని ఆగి, ఇత్తడి పళ్ళెం చూపించింది. పసుపు ముద్ద పక్కన, అక్షింతల మధ్య, నా రూక. అక్షింత గింజ కన్నా చిన్నగా మెరుస్తోంది.

"ఇదెందుకు పెట్టిండ్రు పెద్దమ్మా ఇక్కడ?"

"గడప కిందికి. ఇంట్ల ఒక్క పైస లేదు సారూ! పొద్దటి సంది దేవులాడుతున్నం. అందరు ఫోన్లనే కొడ్తున్నరాయె. కిరాణమాయన చిల్లరకు చాక్లెట్లిస్తడు. కోడలు రూపాయి బిళ్ళలు దెచ్చింది కని అవి ఇనుపయి. ఇనుము గడప కింద ఏస్తరా?"

కోడలు లావణ్య పక్కనే నిలబడి ఉంది. చేతిలో ఫోన్. అందులో ఒక మగమనిషి ముఖం, తల మీద పసుపుపచ్చ టోపీ. నర్సవ్వ కొడుకు శ్రీనివాస్. మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. తండ్రి కల్లు కోసం తాళ్ళెక్కేవాడని, కొడుకు క్రేన్ ఎక్కుతున్నాడని నర్సవ్వ దుకాణంలోనే చెప్పింది. సెలవు దొరకక తన ఇంటి దర్వాజకు రాలేకపోయాడు. "ఇల్లయినంక ఇగ పోడు సారూ. ఈడ్నే ఉంటడు," అన్నది నర్సవ్వ. "అందుకే అన్ని సక్కగ జరగాలె."

పూజ చేయిస్తున్న అయ్యగారు చేతి గడియారం చూసుకొని, "అమ్మా, ముహూర్తం దాటిపోతది. ఉన్నదేదో వెయ్యండి," అన్నాడు.

నేను ఇంతవరకు ఏ సభలోనూ నోరు తెరవనివాణ్ణి. ఆ క్షణాన మాత్రం, "ఆగుండ్రి! నా దగ్గర పైసలున్నయి!" అని అరిచాను. మేళం ఆగిపోయింది. లెన్సుల డబ్బా తీసి మూత విప్పాను. ఆ వీధి మొత్తంలో పైసలున్న మనిషిని నేనొక్కణ్ణే. అంత ప్రాముఖ్యం నాకు మళ్ళీ ఎప్పుడూ రాదు.

నర్సవ్వ, అయ్యగారు, మేస్త్రి ముగ్గురూ డబ్బా మీదికి వంగారు. నేను ముందుగా అల్యూమినియం పైస ఇచ్చాను. "సత్తుదా? సత్తు గిన్నెలనే పారేసినం, గడప కింద సత్తు పైస ఎట్ల ఏస్త?" అన్నది నర్సవ్వ. జగిత్యాలలో కొన్న రాగి బిళ్ళ తీశాను. అయ్యగారు వేలు పెట్టి చూపించాడు. "చిల్లుంది. సంపాదన అంతా కిందికి కారిపోతదంటరు." సీసపు బిళ్ళ తీశాను. మేస్త్రి దాన్ని గోటితో గీరి, "గిది పైస కాదు గదా సార్, వల గుండు," అన్నాడు. నవ్వులు వినబడ్డాయి. మస్కట్‌లోని ముఖం కూడా నవ్వింది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. కుడి గిన్నెలో ఒమన్ దేశపు చిన్న బైసా ఒకటి ఉంది. రాగి రంగులో మెరుస్తూ, ఈ ఇంటికి తగినట్టే ఉందనుకున్నాను. "ఇది మీ శ్రీనివాస్ ఉన్న దేశపు పైసే," అని గర్వంగా ఇచ్చాను.

నర్సవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. "అద్దు సారూ. గా దేశం పైస గడప కింద ఏస్తె, మనిషి గాడ్నే ఉంటడు."

ఎవరూ నవ్వలేదు. లావణ్య ఫోన్‌ను కాస్త పక్కకు తిప్పింది. నేను బైసాను లోపల పెట్టేశాను. సిగ్గేసింది.

ఇక మిగిలింది చక్రం. నర్సవ్వే కనిపెట్టింది. "గిది నువ్వు నాకు సూపించినవ్ గదా. ఎండిదే గదా?" లోపల లెక్కలు వేస్తున్నాను. చక్రం పోతే పోయింది, రూక దక్కుతుంది. చిన్నది ఇచ్చి అంతకన్నా చిన్నది తీసుకుంటున్నాను. సేకరణ పరంగా ఇది లాభమే. అయినా చెయ్యి రావడం లేదు. అయ్యగారు మళ్ళీ గడియారం చూశాడు. ఫోన్‌లోంచి శ్రీనివాస్, "సార్, జరంత సాయం జెయ్యిండ్రి," అన్నాడు.

చక్రం తీసి నర్సవ్వ చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది. పళ్ళెంలో వేసింది. గడప దగ్గర కూర్చొని నవధాన్యాలు పోసింది, పొట్లం పెట్టింది. ఆ తర్వాత పళ్ళెం మొత్తం వంచేసింది. చక్రం పడింది. దాని వెనకే రూక కూడా పడింది.

"పెద్దమ్మా! ఆ బంగారుది..."

"జోడయినయి సారూ," అన్నది ఆమె, ముఖమంతా వెలుగుతో. "ఒంటి పైస ఎయ్యద్దంటరు. పొద్దటి సంది నాకదే రంది. దేవుడు నిన్ను పంపిండు."

మేస్త్రి ఒక తాపీ సిమెంటు వేసి చదును చేశాడు. మేళం మోగింది. కొబ్బరికాయ కొట్టారు. నలుగురు పట్టి దర్వాజ లేపారు. నేను సిమెంటు వంకే చూస్తూ నిలబడ్డాను.

కార్యం అయ్యాక నర్సవ్వ నా చెయ్యి పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇగ పెద్దమ్మ ఏంది? నీ పైస మా గడప కింద ఉన్నది. అక్క అనాలె నువ్వు," అన్నది. కూర్చున్న వాళ్ళందరికీ నన్ను తమ్ముడని చెప్పింది. మటన్, బగారన్నం పెట్టింది. వాళ్ళ తాళ్ళ కల్లు వద్దంటే వినలేదు. నా బాధకు రెండు గ్లాసులు పట్టింది. రూక ధరకని తెచ్చిన డబ్బు సంచీలో అలాగే ఉంది. ఆమె దాని ఊసే ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను.

రెండున్నరకు వేములవాడ వెళ్ళే పల్లెవెలుగు ఎక్కాను. అక్కడ మారి సిరిసిల్ల చేరాలి. కథలాపూర్‌లో ఒకామె కూరగాయల గంపతో ఎక్కి నా పక్కన కూర్చుంది. కాసేపు నా ముఖం చూసి, "ఎవలన్న సచ్చిండ్రా సార్?" అని మెల్లగా అడిగింది.

"లేదమ్మా. దర్వాజ పెట్టిండ్రు."

"మరి గట్లున్నరేంది?"

"నా పైస గడప కింద ఏసిండ్రు."

"మంచిదే గదా!" అని ఆమె నాకొక దోసకాయ ఇచ్చింది. సిరిసిల్ల దాకా దాన్ని పట్టుకొని కూర్చున్నాను.

సిరిసిల్లలో నా మిత్రుడు రాజేశం ఉంటాడు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపించే మనిషి. మా స్నేహం విచిత్రమైనది. ఆయన కూడా నాణేలు సేకరిస్తాడు కానీ ఆయనకు పెద్దవే కావాలి, అరచేతిలో పెడితే బరువు తెలియాలి. సాంచాల చప్పుడులో గట్టిగా మాట్లాడీ మాట్లాడీ ఆయనకు అన్నీ పెద్దవిగా కావాలనిపించిందని నా సిద్ధాంతం. నేను చిన్న అక్షరాల మనిషిని. రూక చూపిస్తానని వారం నుంచి ఆయన్ను ఊరించాను.

"ఏది?" అన్నాడు, చెప్పులు విప్పకముందే.

జరిగింది చెప్పాను. సాంచాలు నడుస్తున్నాయి కాబట్టి ప్రతి ముక్కా రెండుసార్లు అరవాల్సి వచ్చింది. "జోడయినయి అన్నది!" అని రెండోసారి అరిచేసరికి ఆయన గోడకు ఆనుకొని కళ్ళు తుడుచుకుంటున్నాడు. నవ్వి నవ్వి, "పోయింది పోయింది గని, నీ సేకరణల నాకు నచ్చింది గిదొక్కటే," అన్నాడు. ఆయన భార్య నేను తెచ్చిన దోసకాయతో పప్పు చేసింది. ఆ ఇంట్లో సాంచాల చప్పుడుకు నిద్ర పట్టదని కొత్తవాళ్ళకు ముందే చెప్పాలి. అలవాటైతే ఆ చప్పుడు ఆగినప్పుడే మెలకువ వస్తుంది.

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి కరీంనగర్ బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. వేములవాడ ఇంకా రాకముందే ఫోన్ మోగింది. కొత్త నంబరు, ముందర విదేశీ అంకెలు.

"మామా, నేను శ్రీనివాస్‌ను. అవ్వ నీ నంబర్ ఇచ్చింది. ఇయ్యాల శుక్రారం, నాకు చుట్టి, డ్యూటీ లేదు. మాట్లాడొచ్చునా?"

అవ్వ అంటే వాళ్ళమ్మ నర్సవ్వే. మాట్లాడమన్నాను. పైస ధర అడుగుతాడేమో, ఎంత చెప్పాలి అని మనసు అప్పుడే లెక్క మొదలుపెట్టింది. ఆయన ధర అడగలేదు.

"మామా, ఒక్కటి నిజం చెప్పాలె. దర్వాజ మీద హంసలు చెక్కమన్న. మా నాయినకు హంసల దర్వాజ అంటే పానం, ఆయన ఉన్నప్పుడు ఎక్కడ జూసినా నిలవడి సూసేటోడు. టేకు కట్టెకు సాల్‌భర నెలనెల పైసలు పంపిన. వీడియోల పూలదండలే కనవడ్డయి. అవ్వ మంచిగున్నయి అంటది. లావణ్య మంచిగున్నయి అంటది. దర్వాజ చెక్కిన వడ్లాయన సూపర్ అంటడు. నేను దూరమున్న అని అందరు మంచిగనే చెప్తరు. నాకు పరేషాన్ గావద్దని. నువ్వు బయటి మనిషివి. నిజంగ హంసల్లెక్క ఉన్నయా, బాతులయినయా?"

నేను కిటికీ బయటికి చూశాను. దర్వాజను గుర్తు చేసుకోవడానికి కళ్ళు మూసుకున్నాను. పళ్ళెం గుర్తొచ్చింది. అక్షింతలు, పసుపు ముద్ద గుర్తొచ్చాయి. సిమెంటు చదును చేసిన తాపీకి పిడి దగ్గర తాడు చుట్టి ఉండటం గుర్తొచ్చింది. దర్వాజ గుర్తు రాలేదు. గంటకు పైగా దాని ముందు నిలబడ్డాను. నలుగురు దాన్ని నా ఎదుటే లేపారు. పైన హంసలున్నాయో, పువ్వులున్నాయో, అసలు చెక్కుడే లేదో నాకు తెలియదు.

అబద్ధం సులువుగానే నోట్లోకి వచ్చింది. "హంసలే" అంటే చాలు, ఆ మనిషి రోజంతా సంతోషంగా ఉంటాడు. కానీ అలా అన్నవాళ్ళు అప్పటికే ముగ్గురున్నారు.

"శ్రీనూ, నేను చూడలే."

"ఏంది మామా?"

"దర్వాజ చూడలేదయ్యా. పైస చూసిన. పైసనే చూసిన."

"సరే మామా, పర్వాలేదు," అన్నాడు. అది పర్వాలేదనే గొంతు కాదు. మా దుకాణంలో అద్దాలు పెట్టుకొని కూడా అక్షరం కనబడనివాళ్ళు అలాగే అంటారు.

వేములవాడలో బస్సు ఆగింది. కండక్టర్ కేక వేయకముందే దిగిపోయాను. కరీంనగర్ దాకా తీసుకున్న టికెట్టు అలా సగంలో వదిలేశాను. గుడి దర్శనానికి వచ్చిన జనంలో దారి చేసుకొని కోరుట్ల బస్సు పట్టుకున్నాను. వచ్చిన దారినే మళ్ళీ. సుజాతకు ఫోన్ చేసి పొద్దుపోతుందన్నాను. "దొరికిందా?" అన్నది. "ఇంక లేదు," అన్నాను. ఏది లేదో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

పదకొండున్నరకు మళ్ళీ నర్సవ్వ ఇంటి ముందున్నాను. ఆమె బిందెతో గడప దగ్గర సిమెంటు తడుపుతోంది. నన్ను చూడగానే బిందె దించేసి, గడపకు అడ్డంగా కూర్చుంది.

"తమ్మీ, తవ్వనియ్య! గడప కిందియి తీస్తె ఇంటికి కీడు."

"తవ్వనీకె రాలే అక్కా. దర్వాజ చూడనీకె వచ్చిన."

"నిన్న సూసినవ్ గద?"

లావణ్య లోపలి నుంచి వచ్చి అత్త ముఖం, నా ముఖం చూసి, పైకి చెయ్యెత్తి వాడిపోయిన దండలు తనే పక్కకు జరిపింది. నేను తలెత్తి చూశాను. అలవాటుగా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దగ్గరికి ముఖం పెట్టబోయి, ఆగి, నాలుగడుగులు వెనక్కి నడిచాను. రోడ్డు దాకా వెళ్ళి చూశాను. చిన్నవాటిని చూసే వాడికి అంత దూరం నిలబడటం చేతకాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత ఇసుక కుప్ప వెనక్కి వెళ్ళి శ్రీనివాస్‌కు ఫోన్ చేశాను.

"శ్రీనూ, చెప్త ఇను. రెండు పక్కల పొడుగునా తీగెలు చెక్కిండు, మంచిగున్నయి. పైన నడుమ లక్ష్మి ఉన్నది. లక్ష్మికి ఎడమ దిక్కుది హంసనే. మెడ సన్నగ వంకర తిరిగి, చూస్తె చూడబుద్ధి అయితుంది. కుడి దిక్కుది..."

"చెప్పు మామా."

"కుడి దిక్కుది బాతు. ముక్కు పొట్టిగయింది, మెడ లావయింది. అక్కడ కట్టెల ముడి ఉన్నది. ఉలి తిరగలేనట్టుంది. వడ్లాయన ఏం జేస్తడు?"

అవతల నవ్వు. పెద్ద నవ్వు. పక్కనెవరికో హిందీలో, ఒకటి హంస, ఒకటి బాతు అని చెప్పడం వినబడింది. అక్కడ కూడా ఎవరో నవ్వారు.

"నేనన్న గద మామా! నాకెర్కనే! అందరు హంసలు హంసలు అంటె, నాకేందో ఆ ఇల్లు ఎవల్దో అన్నట్టుండె."

"మార్పిద్దామా? వడ్లాయనతో నేను మాట్లాడ్త."

"అద్దు మామా, ఉండనియ్యి. నేనొచ్చి సూస్త." మళ్ళీ తనే అన్నాడు, "ఇప్పుడు నా ఇల్లు నా కండ్ల వడ్డది మామా."

నాకు ఏడుపొచ్చింది. ఇసుక కుప్ప వెనక ఉన్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

నర్సవ్వ తినిపించకుండా పంపలేదు. రెండు దాటాక జగిత్యాల బస్సు ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట. కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులకు కొదవ లేదు, ఎడమ వైపు కూర్చుంటే ఆ వేళకు ఎండ తగలదు. దారిలో చూడదగినవి చాలా ఉన్నాయట. అవేమిటో నేను ఇన్నేళ్ళు చూడలేదు కాబట్టి చెప్పలేను.

సీటులో కూర్చున్నానో లేదో మళ్ళీ ఫోన్. "మామా, బస్సు ఎక్కినవా? ఇంక చెప్పు," అన్నాడు శ్రీనివాస్. ముందర గదిలోకి ఎండ ఎటు నుంచి పడుతోంది, పక్కవాళ్ళ గోడకూ మన గోడకూ మధ్య మనిషి పట్టేంత సందుందా, వాకిట్లో ఉన్న జామచెట్టు కొట్టేశారా ఉంచారా, మెట్లు ఎత్తుగా అయ్యాయా, అవ్వ ఎక్కగలదా అని ఒకదాని వెంట ఒకటి అడిగాడు. చూసినవి చెప్పాను. చూడనివి చూడలేదనే చెప్పాను. వాటిని ఆయనే, ప్లాను కాగితం ముందేసుకొని, నాకు చెప్పాడు. ఎదుటి సీటులో వాళ్ళు వెనక్కి తిరిగి వింటున్నారు. ఒకాయన, "ఇల్లు అమ్ముతున్నరా సార్?" అని అడిగాడు. కాదన్నాను. జగిత్యాల వచ్చేసరికి ఆ ఇల్లు నాకు కంఠతా వచ్చింది.